తల్లిగారింటి పడవ

వార్ధా నది మీద తెరచాప ఎత్తిన పడవలో తిరిగానని చెబితే చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్‌లో మా పక్క క్వార్టర్ల వాళ్లు నవ్వుతారు. "ఏంది, సముద్రమనుకున్నవా?" అంటారు. అననీ. వాళ్లు నమ్మకపోతే నాకు పోయేదేముంది? అయినా చెప్పకుండా ఉండలేను, అదీ నా రోగం. వానాకాలంలో పడమటి గాలి లేస్తే ఆ ముతక గుడ్డ ముందు కాసేపు టపటపా కొట్టుకునేది. తర్వాత ఒక్కసారిగా బిర్రుమని నిండేది. కాళ్ల కింద చెక్క కదిలేది. యాభై దాటిన మనిషిని, మోకాళ్ల నొప్పులున్నదాన్ని, ఇప్పటికీ ఆ గుడ్డ నిండడం ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మా అమ్మ తల్లిగారి ఊరు నది అవతల, రాజురా వైపు. ఎన్ని తరాల నుంచో తెలుగు రైతులుండే ఊరు. మా ఊరు నదికి ఇవతల. అవతలికి పోయేటప్పుడు గాలి ఎదురు కొట్టేది, గడకర్రలతో నెట్టుకుంటూ పోవాలి. తిరిగి వచ్చేటప్పుడే తెరచాప ఎత్తేవారు. అంటే అది ఎత్తారంటే అమ్మమ్మను విడిచి వస్తున్నామని లెక్క. నాకేమో సంబరం, అమ్మకేమో ఏడుపు. ఒడ్డు మీద అమ్మమ్మ చిన్నదైపోతుంటే అమ్మ "అవ్వా, అవ్వా" అంటూ కొంగు నోట్లో కుక్కుకునేది. నేను మాత్రం మెడ పైకెత్తి గుడ్డనే చూస్తుండేదాన్ని. చిన్నపిల్లను, నాకేం తెలుసు.

ఆ పడవ ఏ ఒక్కరిదీ కాదు, అమ్మమ్మ ఊరందరిది. నిజాం కాలంలో నదికి అవతల ఒక రాజ్యం, ఇవతల ఇంకో రాజ్యం. మధ్యలో ఈ టేకు పడవ. పత్తి బోరాలు, ఎడ్లు, పెండ్లివాళ్లు అందరూ దాని మీదే. రజాకార్ల గడబిడలో పిల్లాజెల్లతో జనం ఇవతలికి వచ్చింది కూడా అందులోనేనని అమ్మమ్మ చెప్పేది. ఏటా చలికాలం మొదట్లో, పడవ ఇంకా తడిమీద ఉన్నప్పుడే, ఒడ్డుకు లాగి దాని చెక్కల సందులు పూడ్చేవారు. అందుకు ఇంటింటి నుంచీ ఆడవాళ్లు పిడికెడు పత్తి ఇచ్చేవాళ్లు. దాన్ని లావుపాటి వత్తుల్లా పేని, అవిసె నూనెలో ముంచి, ఉలి పెట్టి సందుల్లోకి కొట్టేవారు. ఎవరింటి పత్తినీ కాదనకూడదు. ఇంటి పత్తి వద్దంటే ఆ ఇంటివాళ్లను పడవ ఎక్కొద్దన్నట్టే.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మమ్మ పోయింది. బాగాలేదని ముందు రోజు కబురొచ్చింది. తెల్లారేసరికి నది పొంగింది, పడవ ఆపేశారు. అమ్మ నన్ను వెంటబెట్టుకొని రేవులో నిలబడింది. తడిసి ముద్దయినా ఇంటికి రాలేదు. మధ్యాహ్నం వాన కొంచెం తెరిపిచ్చింది. అప్పుడు అవతలి గట్టు మీద పొగ లేచింది.  అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి.

నీళ్లు తగ్గాక మామ, అంటే అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, దినాలకు పిలవడానికి వచ్చాడు. పడవ వరదకు కొట్టుకుపోయి రాళ్లకు తగిలి ఒడ్డున పక్కకు ఒరిగి ఉందని, తాను వేరే దారిన చుట్టు తిరిగి వచ్చానని చెప్పాడు. అమ్మ మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా కూర్చొని చెప్పింది.

"అవ్వ మొకం సూడనియ్యకుంటనే కాలవెట్టినవ్ గదరా. నన్ను ఆపిన ఆ పడవే తెరచాప ఎత్తుకొని నా రేవుకొచ్చి నన్ను పిల్వాలె. గప్పుడొస్త. అందాక నీ గడప తొక్క."

మామ ఏదో చెప్పబోయాడు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

తర్వాత నది మీద వంతెన కట్టారు. బస్సులొచ్చాయి. ఇక పడవ ఎవరికి కావాలి? అది ఒరిగిన చోటే ఉండిపోయింది. అమ్మ మాట కూడా పడ్డచోటే ఉండిపోయింది. మాటలు లేవని కాదు. ఏటా రాఖీకి మామ వచ్చేవాడు, అమ్మ కట్టేది, కడుపునిండా తినబెట్టేది. పోయేటప్పుడు "రా అక్కా, ఒక్క పూట" అంటే "పడవ తోలు, వస్త" అనేది. నవ్వుతూనే అనేది, కానీ ఒక్క మెట్టు దిగేది కాదు. అదే వంతెన మీదుగా రాజురా అంగడికి పోయింది, ఆస్పత్రికి పోయింది. తల్లిగారి ఊరికి బాట మళ్లే చోట మాత్రం బస్సులో మొహం అటు తిప్పుకునేది. నేను పక్కన కూర్చొని చూసేదాన్ని. ఎంత కోరిక ఉంటే మనిషి అంత గట్టిగా మొహం తిప్పుకుంటుందో నాకు అక్కడే తెలిసింది.

ఈ మధ్య ఎవరో ఫర్నిచర్ వాళ్లు పాత టేకు కోసం పడవను కొంటామని వచ్చారు. మామ పోయి దాని పక్కన తువాల పరుచుకొని పడుకున్నాడట. "మా అక్కకు బాకీ ఉన్న, పడవ ఇచ్చేది లేదు" అన్నాడట. మొదట ఊరంతా నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ముసలివాళ్లు తమ తమ పెండ్లిళ్ల సంగతులు తీశారు. ఎవరి ముత్తాతో ఆ పడవలోనే పుట్టాడని ఒకరన్నారు. ఆ సాయంత్రానికల్లా దాన్ని బాగు చేయాలని ఊరు అనుకుంది.

ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఊరి పిల్లలు సెలవులు పెట్టుకొని జాకీలు, గొలుసులు పట్టుకొచ్చారు. ఒరిగిన పడవను నిలబెట్టారు. తెలుగు చదవడం రాని ఆ పిల్లలే మరాఠీలో రాసి ఫోన్లలో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పంపారు. ఒకరు టేకు దుంగలు ఇచ్చారు, ఒకరు అవిసె నూనె డబ్బాలు మోసుకొచ్చారు. వడ్లాయన కూలి వద్దన్నాడు. పాపం ఆయన దర్వాజలు, నాగళ్లు చేసే మనిషి. పడవ సంగతి ఆయనకూ తెలియదు, ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు ఎప్పుడో పోయారు. ఆడవాళ్లు మా మామ ఇంటి అరుగు మీద తెరచాప కుట్టారు.

ఆ వీడియోలు నా ఫోనుకు వచ్చేవి. సెలవు రోజున మా ఊరికి పోయి అమ్మకు చూపించేదాన్ని. "ఎండకు పలిగిన కర్ర, ఏం తేలుతది మన్ను" అనేది. "ఇంకోపారి పెట్టు" అనేది. మళ్లీ చూసి, "గా తెరచాప కొయ్య గంత పొట్టిగుండకపోవు" అనేది. తమ్ముడి పనిలో తప్పు పట్టడానికి కళ్లజోడు తుడుచుకొని మరీ చూసేది.

మే నెల ఎండల్లో పత్తి అడిగారు. మా చంద్రపూర్ ఎండ సంగతి చెప్పాలా? చెక్కలు ఎండి, సందుల్లో వేలు దూరేంతగా విచ్చుకున్నాయి. ఒకప్పుడు ఊళ్లో ఇళ్లెన్ని, ఇప్పుడెన్ని. పిడికెడు అంటే ఎవరు విన్నారు? సంచులతో తెచ్చారు. ఉద్యోగాలకు పోయినవాళ్లు వరోరా నుంచి కూడా తెచ్చారు. పత్తి పండించే జనం, ఇవ్వడంలో వెనక్కి తగ్గుతారా.

ఒక ఆదివారం నేను పోయేసరికి అమ్మ వసారాలో కాళ్లు చాపుకొని పత్తిలోంచి గింజలు తీస్తోంది. మా చేనులో ఏరి దాచిన పత్తి. మొదటి ఏరుడుది, తెల్లగా, ఒక్క ఆకు ముక్క లేదు. దిండు గలీబులో నింపి మూతి కట్టి నా చేతికిచ్చింది.

"మీ మామకియ్యి. నేనిచ్చిన్నని చెప్పకు."

"మరెవరిచ్చిన్రని చెప్పాలె?"

"దొరికిందని చెప్పు."

పత్తి దిండు గలీబులో దారిలో దొరుకుతుందా? నేను చెప్పకుండా ఉంటానా? స్కూటీ దిగగానే చెప్పేశాను. మామ ఆ మూటను రెండు చేతులతో పట్టుకొని, నా వైపు చూడకుండా లోపలికి తీసుకుపోయాడు.

తొలి వానలకు నది నిండింది. డప్పులు కొట్టి పడవను నీళ్లలోకి దించారు. కొన్నాళ్లు రేవులోనే నానబెట్టి, వచ్చే ఆదివారం తెరచాప ఎత్తి అక్కను తేవడానికి వస్తానని మామ ఫోన్ చేశాడు. అమ్మ "చూద్దాం తియ్యి" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత మా ఊరి దర్జీ దగ్గరికి పోయి జాకెట్టు కుట్టమని ఇచ్చింది. తమ్ముడికని సకినాలు పోసింది. పొద్దస్తమానం వాకిట్లో నిలబడి గాలి ఎటు నుంచి వస్తుందో చూసేది. నేను నవ్వితే కసిరింది.

ఆదివారం పొద్దున అమ్మ తల దువ్వుకొని కొత్త జాకెట్టు తొడుక్కొని కూర్చుంది. ఫోన్ మోగింది. మామే. 

"బిడ్డా, పడవ నీళ్లల్ల కూసున్నది" అన్నాడు.

ఎండిన చెక్క నీళ్లు తాగి ఉబ్బింది. ఉబ్బడానికి సందుల్లో చోటు లేదు. ఊళ్లన్నిటి పత్తి అక్కడ దట్టించి ఉంది. చెక్కలు ఒకదాన్నొకటి తోసుకొని, మేకులతో సహా ఊడి లేచాయి. ఒకప్పుడు చలికాలంలో, తడిమీదే, పిడికెడు పిడికెడే ఎందుకు పెట్టేవారో మాకు అప్పుడు గానీ అర్థం కాలేదు.

అమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విన్నది. రేవు వైపు చూసింది.

"వాడు ఏం జేస్తుండు?" అంది.

"ఒడ్డు మీద కూసున్నడట. రాత్రి నుంచి ఏం తినలేదట."

 లేచి సకినాల డబ్బా తీసుకుంది.

"బండి తియ్యి."

 ఎటు అని అడిగితే ఎక్కడ దిగిపోతుందోనని నాకు భయం. సన్నగా జల్లు పడుతోంది. వంతెన దాటాం. బాట మళ్లే చోట నా భుజం మీద ఆమె చెయ్యి బిగిసింది. అద్దంలో చూశాను. ఈసారి మొహం తిప్పుకోలేదు.

రేవులో జనం చావింటి ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు. పడవ లోతు లేని నీళ్లలో అడుగుకు ఆని ఒక పక్కకు వాలి ఉంది. విచ్చుకున్న సందుల నుంచి తెల్లటి పత్తి బయటికి తన్నుకొచ్చి వేలాడుతోంది. తెరచాప కట్టిన మూట కట్టినట్టే ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. ఒక్కసారి, ఒక్క గడియ విప్పి ఉంటే ఏం పోయేది అనిపించి ఏడుపొచ్చింది. ఆ తర్వాత పడవను మళ్లీ ఒడ్డుకు లాగి రేకుల షెడ్డు కింద పెట్టారు, చలికాలానికి పని మొదలుపెడతామంటున్నారు. కానీ ఆ రోజు ఎవరికీ ఆ ధైర్యం లేదు.

మామ అక్కను చూసి లేవబోయి లేవలేకపోయాడు. అమ్మ పోయి పక్కనే తడిమట్టిలో కూర్చుంది.

"ఎవలైన గంత పత్తి కుక్కుతరార? అడిగెటోడు లేడా నీకు?"

"అందరిది పెట్టినంక నీది వచ్చిందక్కా. జాగ లేకుండె. వడ్లాయన సాలన్నడు." మామ తల దించుకున్నాడు. "నీ పత్తి బయట వెట్టబుద్ధి కాలె. నేనే ఉలి వట్టి కొట్టి కొట్టి ఎక్కించిన."

 అమ్మ డబ్బా మూత తీసి ఒక సకినం విరిచి అతని చేతిలో పెట్టింది.

"అవ్వ పోయిన దినం నీ కోసం ఆగిన అక్కా. వాన ఆగనియ్యలె."

"నాకెర్కనే. గప్పుడే ఎర్క."

"మరి ఇన్నేండ్లు..."

"నేను రాకుంటే అవ్వ గీడనే ఉన్నట్టుండెరా. వస్తే లేదని తెల్వదా?"

మామ సకినం చేతిలో పట్టుకొనే ఏడ్చాడు. అమ్మ ఏడవలేదు. తినమని కసిరింది, తిన్నదాకా లేవలేదు. తర్వాత ముగ్గురం ఇంటి వైపు నడిచాం. దారిలో ఎవరెవరో పలకరిస్తుంటే తలూపుతూ, ఇల్లు దగ్గర పడేకొద్దీ అమ్మ చిన్నపిల్లలా వడివడిగా నడిచింది. నాకూ మామకూ ముందు పోయింది. వాకిలి దాటి, కాళ్లు కడుక్కొని, గడప మీద ఒక కాలు పెట్టి, లోపలి చీకటిలోకి వంగి గట్టిగా పిలిచింది.

"అవ్వా, నేనొచ్చిన."

పిలిచాక తనకే తెలిసింది. దర్వాజ పట్టుకొని అక్కడే నిలబడిపోయింది. ఆ పొగ చూసిన రోజు నుంచి దాచుకున్నదంతా అప్పుడు ఏడ్చింది. మామ పోయి ఆమె భుజం పట్టుకున్నాడు.

"లోపలికి రా అక్కా" అన్నాడు.