గల్లీ పొడుగునా పడుగు

హైదరాబాద్‌లో మేముండే గల్లీలో యాభై భాషలు మాట్లాడతారని మా ఊరు పోచంపల్లిలో అందరికీ చెప్పాను. లెక్కపెడితే ఐదు తేలతాయి, అందులో ఒకటి మా ముసల్ది నన్ను తిట్టే భాష. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, కిరాయి తక్కువని బిహార్ నుంచి టైల్స్ పనివాళ్లు, ఒడిశా నుంచి వంటవాళ్లు, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్లు అక్కడ చేరారు. మేమిద్దరం మగ్గంతో సహా చేరాం. రేకుల గదిలో సగం మగ్గానిది, సగం మాది.

మగ్గం ఎక్కేముందు పడుగు చాపాలి. అంటే చీరకు నిలువుగా వచ్చే దారాలన్నీ వీధి పొడుగునా పరిచి, గంజి పట్టించి, చిక్కు లేకుండా దువ్వాలి. నెలకోసారి పొద్దున్నే గల్లీలో చాపేవాణ్ణి. ఒక కొస బిహారీ పిల్లలు, రెండో కొస పక్కగది పాలమూరు ఆమె పట్టేవాళ్లు.

గల్లీ చివర గదులు కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. మిగిలిన గదులకు కిరాయి పెరిగింది, గల్లీలోకి కార్లొచ్చాయి. ఒక పొద్దున గంజి ఆరకముందే కారొకటి వచ్చి పడుగు ముందు ఆగి హారన్ కొట్టింది. తడి పడుగు మడిస్తే దారాలు అతుక్కుని నెల పని మట్టిపాలవుతుంది. ఇక గల్లీయే లేదంటే మగ్గం అమ్ముకోవడమే.

కారుకు అడ్డం నిలబడి "ముందు నన్ను తొక్కి పో" అన్నాను. అంటే, అన్నానని ఊళ్లో చెప్పాను. నిజానికి గోడకు అతుక్కుపోయాను. మాట్లాడింది పాలమూరు ఆమె.

"జర ఆగమ్మా, తడి మీదున్నది. ఇప్పుడు లేపితే తాత మగ్గం మూలకు పడ్తది."

కారులోంచి ఆ కొత్త అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకామె దిగింది. కోస్తా మాట. "ఇలా అడ్డం పెడితే ఆఫీసుకి ఎలా వెళ్లాలండీ?"

"నెలకొక్కపారే గద. గా బిల్డింగుకు నేను ఇటికెలు మోసినప్పుడు గల్లీ నిండ ఇసుకనే ఉండె. ఎవలన్న ఏమన్నరా?"

కారామె దారాల మీద చెయ్యి వేయబోయి ఆగింది. "ఇదంతా ఒక్క చీరకేనా బాబాయ్‌గారూ?"

పన్నెండని నోటిదాకా వచ్చింది. మా ముసల్ది చూస్తోంది. "ఏడు చీరెలకు బిడ్డా" అన్నాను.

"మీ కార్లు పోయినంక కింద సెల్లారు పొద్దంత ఖాళీనే గద," అంది పాలమూరు ఆమె. "నెలకొక్కపారి పడుగు ఆడ చాపనియ్యరాదు, గాలి గూడ ఆడ్తది."

కారామె టైం చూసుకుంది. కారు వెనక్కి తీసుకెళ్లి పెట్టి, నడిచి వెళ్లి ఆటో ఎక్కింది. కొన్నాళ్లు గడిచాయి. మగ్గం కొనేవాళ్లను చూడమని మా ముసల్ది పోరింది. ఒక సాయంత్రం కారామె మా గది గుమ్మంలోకి వచ్చింది.

"సెల్లార్ గురించి బిల్డింగ్‌లో అందర్నీ అడిగానండీ. ఒకరిద్దరు గొణిగారు గానీ ఒప్పుకున్నారు. ఆదివారం మాత్రం వద్దు, కార్లన్నీ కిందే ఉంటాయి."

నాకు బిల్డింగే రాసిచ్చారని ఊళ్లో చెప్పాను. ఇచ్చింది స్తంభాల మధ్య ఒక వరస, అదీ కార్లు తిరిగొచ్చేదాకా. మొదటిసారి అక్కడ పడుగు చాపిన రోజు ఒక కొస కారామెకే ఇచ్చాను.

"గట్టిగ పట్టు బిడ్డా. గిది నీ స్టీరింగు గాదు."

"లేటవుతోంది బాబాయ్‌గారూ," అంది, కొస వదలకుండానే.