యుమ్మా సంచీ, నా చదువూ

ఆ రోజుల్లో ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళకు దేశం చూడటమంటే కారు అద్దంలోంచి చూడటమే. ఎనభైల మొదట్లో రాయచోటి దగ్గరి మా పల్లె నుంచి వెళ్ళి, అక్కడ రిగ్గై అనే పేటలో ఒక ఇంట్లో పనికి కుదిరిన నేను మొదటి ఏడాదంతా కళ్ళారా చూసిన కువైట్ ఎంతయ్యా అంటే, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు కనిపించే నీళ్ళ ట్యాంకులు, ఎదురింటి గేటు, ఆ గేటు కింద ఎప్పుడూ పడుకుని ఉండే ఒక బూడిదరంగు పిల్లి. మా అమ్మ మాత్రం బిడ్డ ఫారిన్‌లో ఉందని ఊరంతా చెప్పుకునేది. (ఉన్న మాట నిజమే. ఫారినే నాకు కనబడలేదు.) ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ గేటు దాటి నాలుగడుగులు నడవాలని అప్పట్లో ప్రాణం కొట్టుకుపోయేది. ఇంటి యజమానురాలిని మేము మామా అని పిలవాలి, వాళ్ళ భాషలో అమ్మగారని. ఆమె చెడ్డ మనిషి కాదు, తిండికీ బట్టకూ లోటు చేయలేదు. కానీ "బయటికి దేనికి, నీకేం పని?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ జవాబు మా డ్రైవరన్న తెచ్చాడు. ఆయనదీ రాయచోటే, ఆ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి. ఎవరి ఇఖామా (ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్) ఏ రకానిదో, దాని మీద ఆ దేశంలో ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తనకు తెలిసినంత మంత్రిగారికి కూడా తెలియదని ఆయన గట్టి నమ్మకం. ఒకనాడు వంటింటి గుమ్మంలో టీ తాగుతూ, "పాపా, పక్క సందులో ఆడపిల్లోళ్ళ బడి ఉండాది సూడు, సాయంత్రం పూట ఆడ పెద్దాడోళ్ళకు సదువు సెప్తాండారంట. గవర్నమెంటుది, పైసా కట్టే పన్లేదు, బుక్కులు గూడా ఊరికినే ఇస్తారు" అన్నాడు.

"మనట్టోళ్ళను రానిస్తారానా?"

"ఇఖామా ఉంటే సాలు. కాగితాల సంగతి నాకిడిసిపెట్టి నువ్వు గమ్మున నా యెనక రా."

మామాను అడిగితే ఆమె నవ్వేసి, వాళ్ళు చేర్చుకుంటే పో అంది. చేర్చుకోరన్న ధైర్యం. మరుసటి రోజు మామా అత్తగారిని ఫర్వానియా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి ఉంది, తిరిగి వచ్చేటప్పుడు బడి దగ్గర ఆగమంది. ఆ అత్తగారిని ఇంట్లో అందరూ యుమ్మా అనేవారు, అంటే అమ్మ అనే. డెబ్భై ఏళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులని రోజంతా హాల్లో కూర్చుని, చేతిలో జపమాల తిప్పుతూ, టీవీలో వచ్చే ప్రతి మనిషినీ తిడుతూ ఉండేది. కారులో ఉక్కపోస్తోందని ఆమె కూడా మాతో పాటు బడి లోపలికి వచ్చి, నన్ను పట్టుకుని మెల్లగా ఒక కుర్చీలో చేరగిలబడింది.

బల్ల వెనక ఒక ఈజిప్టు మేడం ఉంది. ముక్కు చివర కళ్ళజోడు, చేతిలో ఎర్ర పెన్ను. డ్రైవరన్న నా కాగితాలు ఆమె ముందు పరిచి, పెళ్ళిసంబంధం మాట్లాడేవాడిలా రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. (మాటలన్నీ అరబ్బీలోనే జరిగాయి. నాకు అర్థమైనంత మేరకు మన మాటల్లో చెబుతున్నాను.) మేడం పాస్‌పోర్టు చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది. అందులో నాకు ముప్ఫై మూడేళ్ళు. నిజానికి ఇరవై రెండు. ముప్ఫై దాటని ఆడవాళ్ళను పంపరని మా ఏజెంటు ఎవరినీ అడగకుండా నన్ను పెద్దమనిషిని చేశాడు.

"పిల్లలెంతమంది?" అంది మేడం అనుమానంగా.

"ముగ్గురు" అన్నాడు డ్రైవరన్న. "పెళ్ళే కాలేదు" అన్నాను నేను. రెండూ ఒకేసారి ఆమె చెవిలో పడ్డాయి.

ఆమె ఏమీ రాసుకోలేదు. ఇఖామా తిప్పి, ఇది ఇంటిపని వాళ్ళది, ఈ రకం ఇఖామా మీద ఇక్కడ చేర్చుకోరు అంది. డ్రైవరన్న ఊరుకోలేదు. కఫీల్ దగ్గర, అంటే నన్ను పనికి రప్పించిన యజమాని దగ్గర, కాగితం రాయించుకొస్తానన్నాడు, రెన్యూవల్ నిన్ననే అయిందన్నాడు, ఫోటో కావాలా అన్నాడు. చివరికి మేడం విసిగిపోయి నా వైపు తిరిగి, "ఇంతకూ నీకు చదువు వచ్చా రాదా?" అంది. ఆ ప్రశ్న కోసమే నేను ఊరు దాటి వచ్చినట్టు ఛాతీ విరుచుకుని, "వచ్చు. అయిదో తరగతి పాస్, క్లాసుకే ఫస్టు" అన్నాను. డ్రైవరన్న నా కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. "ఇది చదువు రానివాళ్ళ బడి" అని మేడం కాగితాలన్నీ ఒక్కటిగా చేర్చి నా చేతిలో పెట్టింది.

"ఎవురడిగినారు పాపా నీ ఫస్టు?" అన్నాడు డ్రైవరన్న తెలుగులో. నాకు ఏడుపొచ్చింది. చదువు పోయిందని కాదు, గేటు మూసుకుపోయిందని.

అప్పుడు మేడం చూపు కుర్చీలో విసురుకుంటున్న యుమ్మా మీద పడింది. "ఖాలా, మీరు చదువుకున్నారా?" అంది, మనం పిన్నమ్మా అన్నంత మర్యాదగా. లేదంది యుమ్మా. కువైటీయేనా అని అడగడమే ఆలస్యం, యుమ్మాకు కోపం వచ్చింది. "మా నాన్న ముత్యాల కోసం ఈ సముద్రంలో మునిగినవాడు. నిన్న విమానం దిగిన నువ్వు నన్ను అడుగుతావా?" అంది. బడికి కావలసిన మనిషి దొరికిందని మేడం మురిసిపోయింది. కాగితం అడగలేదు, ఇఖామా అడగలేదు (ఆమెకు ఎందుకుంటుంది), వయసు కూడా అడగలేదు. పేరు రాసుకోవడానికి పెన్ను మూత తీసింది.

"నేనెందుకు వస్తాను, నాకు మోకాళ్ళు" అనబోయి యుమ్మా నా ముఖం చూసింది. కాసేపు జపమాల తిప్పింది. తరువాత, "సరే రాసుకో. కానీ నా సంచీ ఎవరు మోస్తారు? ఈ పిల్ల పట్టుకోకపోతే నేను బెంచీ మీద కూర్చోలేను, కూర్చుంటే లేవలేను" అంది. మేడం తన రూల్సన్నీ గుర్తు చేసుకుంది. ఇఖామా గురించి ఉంది, వయసు గురించి ఉంది. సంచీ మోసేవాళ్ళ గురించి మాత్రం ఎక్కడా ఏమీ లేదు.

అలా నేను సర్కారీ బడిలో సంచీ హోదాలో చేరాను. అందులో ఖర్జూరాలు, టీ ఫ్లాస్కు, శాలువా, మోకాళ్ళకు రాసుకునే మందు, అన్నిటి కింద నలిగిపోయిన పుస్తకం ఉండేవి. చివరి బెంచీలో యుమ్మా గోడకానుకుని కునుకు తీసేది. మేడం ఆమెను ప్రశ్న అడిగితే నేను మోచేత్తో పొడిచి జవాబు చెవిలో ఊదేదాన్ని. హోంవర్కు నేనే రాసేదాన్ని. "ఖాలా చేతిరాత ముత్యాల్లా ఉంది" అని మేడం క్లాసుకంతా చూపిస్తే యుమ్మా సిగ్గుపడి తల దించుకునేది. రిజిస్టర్‌లో లేనిదాన్ని కాబట్టి మేడం నా అరబ్బీ అక్షరాల తప్పులు దిద్దకూడదు. అందుకని నా పక్కన నిలబడి, కిటికీ వైపు చూస్తూ, "చుక్క పైన కాదు, కింద" అని కిటికీకి చెప్పేది.

బడి అయ్యాక యుమ్మా కారు వద్దనేది. మోకాళ్ళున్నాయి కదా అంటే, డాక్టరు నడవమన్నాడనేది. (ఏ డాక్టరూ అనలేదు, ఆసుపత్రికి తోడు వెళ్ళేదాన్ని నేనే.) దారిలో రొట్టెల పొయ్యి దగ్గర వేడి రొట్టె కొనిపించి సగం నాకు తుంచి ఇచ్చేది. ఒక రోజు ఆమె స్నేహితురాలి ఇంటికి, ఒక రోజు బట్టల కొట్టుకు. ఆ ఎదురింటి పిల్లిని కూడా మొదటిసారి దగ్గరగా చూశాను, దానికి ఒక చెవి లేదు. మెల్లగా యుమ్మా కునుకు తీయడం మానేసింది. పరీక్షకు ముందు రోజు దారిలో ఆగి, మందుల షాపు బోర్డు తనంతట తాను కూడబలుక్కుని చదివి, ఏమీ ఎరగనట్టు నా చెయ్యి పట్టుకుని నడిచింది.

పరీక్ష రోజు సంచీని లోపలికి రానివ్వలేదు. కిటికీ బయట నిలబడి చూస్తుంటే, యుమ్మా పెన్ను పట్టుకుని పైకప్పు చూస్తోంది, పక్కామెకు ఖర్జూరాలు పెడుతోంది. ఫలితం చెప్పిన రోజు మేడం తల పట్టుకుంది. యుమ్మా పేపరు మీద పేరు కూడా రాయలేదు.

దారిలో నాకు కోపం ఆగలేదు. "అన్నీ వచ్చు కదా యుమ్మా, ఎందుకిట్లా చేశావు?"

"పాసైతే సర్టిఫికెట్ గోడకు తగిలిస్తారు, నన్ను కుర్చీలో కూర్చోబెడతారు, ఖలాస్" అంది, రొట్టె తుంచుతూ. "నిన్ను ఎక్కడ కూర్చోబెడతారో నీకు తెలుసు కదా. నడువు, చల్లారిపోతుంది."

మరుసటి ఏడు ఆమె పేరు రాసుకుంటూ మేడం కళ్ళజోడు మీదుగా మా ఇద్దరినీ చూసి, "ఈసారైనా పాసవుతారా ఖాలా?" అంది. "అల్లా దయ" అంది యుమ్మా. అల్లా దయ వల్ల ఆ ఏడు కూడా తప్పింది.

ఇప్పుడు నా వయసు దాదాపు అప్పటి యుమ్మా వయసు. పాస్‌పోర్టు లెక్కన ఆమెను ఎప్పుడో దాటేశాను. అరబ్బీ ఇంకా చదవగలను, సర్టిఫికెట్ మాత్రం లేదు. పక్క వీధిలో ఉండే మా మనవరాలు రోజూ సాయంత్రం వచ్చి నాకు ఈ కొత్త ఫోన్ వాడటం నేర్పుతుంది. ఫోటో ఎలా పంపాలో నిన్న కూడా మొదటి నుంచి చెప్పించుకున్నాను. "ఎన్నిసార్లు జెప్పాల అవ్వా, నీకు బుర్రలేదు" అని నా పక్కన ఆనుకుని కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. అది వెళ్ళిపోయాక దాని ఫోటోను మా చెల్లెలికి నేనే పంపుకున్నాను.