సాలీడు వెనక నీలం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వులాటే. మా ఇంట్లో ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆఫీసు. మధ్యలో దయ్యాలకు తీరిక దొరకలేదు. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా ఫర్వాలేదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

నాంపల్లిలో మేం కిరాయికుంటున్న పాత ఇంటి వెనక చిన్న పెరడు ఉంది. వానాకాలం రాగానే అక్కడ మందార కొమ్మల మధ్య పెద్ద సాలీళ్ళు వలలు కడతాయి. కాళ్ళు జతలుగా చాపి, వల మధ్యలో ఇంటూ గుర్తులా కూర్చునే రకం. వాటిని బాగా దగ్గరనుంచి ఫొటో తీయడం నా పిచ్చి. ఖరీదైన లెన్సు కొనే స్తోమత లేక, ఉన్న లెన్సునే తిరగేసి కెమెరాకు బిగించేవాణ్ణి. అలా చేస్తే సాలీడు కాలి మీది నూగు కూడా కనిపిస్తుంది. కానీ గాలికి వల కాస్త ఊగినా బొమ్మ పాడైపోతుంది.

అందుకని మా ఆవిడ సుగుణ వల వెనక గుడ్డ పట్టుకుని నిలబడేది. గాలీ ఆగేది, పెచ్చులూడిన గోడా ఫొటోలో పడేది కాదు. ఆ గుడ్డ, చర్చి క్వయర్‌లో పాడేటప్పుడు తను కట్టుకున్న పాత చీరలోంచి కత్తిరించిన నీలం ముక్క. సుగుణది మెదక్ వైపు.

"జర జల్ది తియ్యుండ్రి, చేతులు గుంజుతున్నయ్. పెండ్లినాడు గూడ నన్ను గింతసేపు సూడలే మీరు" అని దెప్పేది.

తీయడం అయ్యాక నేను "అయిపోయింది, దించు" అనేవాణ్ణి. ఆ మాట వినేదాకా చేతులు దించేది కాదు. మహా మొండిది.

తనని తీస్తానంటే మాత్రం మొహం తిప్పేసుకునేది. ఆమె ఫొటోలు నా దగ్గర దాదాపు లేవు. ఉన్నదల్లా సాలీళ్ళ వెనక మసకగా ఆ నీలం, పై మూలల్లో గుడ్డను పట్టుకున్న వేళ్ళ నీడ.

పోయిన ఏడాది సుగుణ నన్ను వదిలి వెళ్ళిపోయింది. శవపెట్టె మూసేముందు ఆ నీలం ముక్కని ఆమె చేతుల కింద నేనే పెట్టాను. దాన్ని ఇంట్లో ఉంచుకుని చూడలేననుకున్నాను. తర్వాత రోజూ అదే కావాలనిపించింది.

ఈ వానాకాలం మళ్ళీ ఒక సాలీడు వచ్చింది. దీనికి ముందు కాలు ఒకటి లేదు. ఒకరోజు పొద్దున్నే కెమెరా పట్టుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను. ఎన్ని తీసినా వల ఊగుతూనే ఉంది. విసుగొచ్చి వదిలేద్దామనుకుంటుండగా ఉన్నట్టుండి నిలిచిపోయింది. పక్కన మందారాకులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. నా ధ్యాసంతా సాలీడు కళ్ళ మీదే. గబుక్కున తీసి, ఆఫీసుకు ఆలస్యమవుతోందని చూసుకోకుండానే కెమెరాలోని మెమరీ కార్డు తీసి జేబులో వేసుకున్నాను.

సాయంత్రం ఆబిడ్స్‌లో, ఎప్పుడూ ప్రింట్లు వేయించే స్టూడియోలో ఇచ్చాను. స్టూడియో అతను నాకు ఏళ్ళుగా తెలుసు. సుగుణ పోయిన సంగతి మాత్రం అతనికి తెలియదు. ఒక్కొక్కటే తెర మీద చూస్తూ ఒకచోట ఆగాడు.

"మిగిలినయన్నిట్ల గోడ పడ్డది సార్. గీ ఒక్కటే మంచిగొచ్చింది. మేడం పట్టుకున్నరా బట్ట?" అన్నాడు.

ఔనన్నాను. ఇంకేమనగలను?

వెనకంతా ఆ నీలమే. పై మూలల్లో వేళ్ళ నీడ కూడా. పాత ఫొటో కలిసిపోయిందేమోనని చూశాను. కాలు లేని ఈ ఏటి సాలీడే అది. ఇంటికెళ్ళి వెతికితే పెరట్లో నీలం రంగుది ఏదీ లేదు. ఆ గోడ మీద ఎవరూ బట్టలు ఆరేయరు.

ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ ఫొటో వచ్చిన దగ్గర్నుంచి రోజూ పెరట్లో నిలబడి తీస్తున్నాను, గోడే పడుతోంది. అయినా తీయడం అయ్యాక "అయిపోయింది, దించు" అని అనడం లేదు. ఆమె చేతులు గుంజుతాయని తెలుసు. కానీ ఆ మాట నా నోటికి రావడం లేదు.