తెప్ప మీద పిల్ల

అక్క కూతురు చెరువులో పడి చనిపోయేనాటికి దానికి నాలుగేళ్లు నిండలేదు. దాని ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. మా ఊళ్లో అప్పట్లో ఫోటో అంటే పెళ్లికో, బడిలోనో తీసేదే. పసిపిల్లను పట్నం తీసుకుపోయి ఫోటో దింపించాలని ఎవరికీ తోచలేదు. ఏళ్లు గడిచేకొద్దీ దాని ముఖం నా మనసులోంచి చెరిగిపోయింది. అక్కకు గుర్తుందా అని నేనెప్పుడూ అడగలేదు.

మాది చెరువును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఎండాకాలంలో నీళ్లు తగ్గాక ఒకరోజు ఊరంతా చెరువులో దిగి చేపలు పట్టేవాళ్లు. చర్చి చుట్టూ ఉన్న మా ఇళ్లవాళ్లు, దర్గా దగ్గరి ముస్లింల ఇళ్లవాళ్లు, ఏడాది పొడుగునా వలలు వేసే బెస్తలు, ఆ రోజు అందరూ అక్కడే. మగవాళ్లు వలలతో, తెప్పలతో నీళ్లలో ఉంటే ఆడవాళ్లు ఒడ్డున కూర్చుని చేపలు కోసేవాళ్లు. ఆ ఏడు చేపల రోజున అక్క తన కూతురికి కొత్త గౌను తొడిగింది. తనే కుట్టిన గౌను, మెడ దగ్గర తెల్ల కుచ్చులు. పిల్లను చింతచెట్టు నీడన చీర పరిచి పడుకోబెట్టి, తను చేపల దగ్గర కూర్చుంది. కాసేపటికి తిరిగి చూస్తే చీర మీద పిల్ల లేదు. పొద్దుగూకే ముందు తూము దగ్గరి మడుగులో దొరికింది.

చింతచెట్టు కట్టకు ఈ చివర, తూము ఆ చివర.

"ఉన్న ఒక్క పోరిని సూసుకోలేకపోయినవ్" అని అక్క అత్త శవం దగ్గరే అంది. ఆ మాట ఆమె చచ్చేదాకా అంటూనే ఉంది. బావ అక్కతో మాట్లాడటమే మానేశాడు. తర్వాత ఇంకొకామెను తెచ్చుకున్నాడు. నాకు అమీర్‌పేటలో కళ్లద్దాల దుకాణంలో పని దొరికాక అక్కను యూసుఫ్‌గూడలో నేనుండే గదికి తెచ్చుకున్నాను. ఎస్.ఆర్. నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. ఒక్కోసారి కూరగాయలు తరుగుతూ తనలో తను అనుకుంటున్నట్టు, "గంత దూరం ఎట్ల నడిసింది?" అనేది.

పోయినేడు మా దుకాణానికి ఒక పెద్దమనిషి కళ్లద్దాల కోసం వచ్చాడు. వెనక సందులో, తండ్రి నాటి నుంచి నడుస్తున్న పాస్‌పోర్ట్ ఫోటోల స్టూడియో ఆయనదే. అద్దాలు సరిచేస్తుంటే మాటల్లో మాటగా మా ఊరేదో అడిగాడు. చెప్పగానే ముఖం వెలిగింది.

"అరె, మా అబ్బా మీ ఊరికి మస్తుసార్లు పోయిండు మేడం. బడిపిల్లల గ్రూప్ ఫోటోలు తీయనీకి పోయేటోడు. ఆ పని అయినంక తన శౌక్ కోసం చెరువు, మనుషులు, బజారు, అన్నీ తీసిండు. అబ్బా పోయినంక పెట్టెలు తెరిస్తే దొరికినయ్. పంజాగుట్టల ఒక హాల్ ఇచ్చిండ్రు, అన్నీ పెద్దగ చేసి గోడలకు పెడుతున్నం. మీ ఊరోళ్లను తోల్కరండి. ఎవరు ఎవరో మాకు తెల్వది, మీరు చెప్తే పేర్లు రాసుకుంటం."

అక్క మొదట రానంది. చెరువు ఇప్పుడు సగం ప్లాట్లయింది, చూసి ఏం లాభం అంది. నేనే బలవంతంగా తీసుకుపోయాను.

హాల్లో జనం పెద్దగా లేరు. గోడల నిండా మా ఊరు ఉంది. చర్చి ముందు క్రిస్మస్‌కు కొమ్మలు కడుతున్న కుర్రాళ్లు, దర్గా మెట్ల మీద తీపి మలీదా ముద్దలు పంచుతున్న ముసలాయన, బట్టలు ఉతికే రాళ్లు, గేదెల వీపులు. ఎండలో మెరుస్తున్న నీళ్లు నలుపు తెలుపుల్లో ఎంత అందంగా ఉన్నాయో. అక్క మెల్లగా మాటల్లో పడింది. "గీమె మన డప్పు తాత పెండ్లాం కాదె?" అంటూ ఒక్కొక్కరిని గుర్తుపడుతుంటే స్టూడియో ఆయన పక్కనే నిలబడి రాసుకుంటున్నాడు. అంతసేపు అక్క నవ్వడం నేను చూసి ఎన్నాళ్లయిందో.

చేపలు పట్టే రోజు ఫోటో ముందుకు వచ్చేసరికి ఆమె ఆగిపోయింది.

ఒడ్డు నుంచి ఒక తెప్ప బయలుదేరుతోంది. దాని మీద ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక చేత్తో తెప్ప తోసే గెడ పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేత్తో తన కాళ్ల దగ్గర కూర్చున్న పిల్ల గౌనును భుజం దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. పిల్ల కెమెరా వైపు కాదు, నీళ్ల వైపు చూస్తోంది. మెడ దగ్గర తెల్ల కుచ్చులు.

ఆ కుర్రాడు అక్క మరిది. బావకు సొంత తమ్ముడు. పిల్ల కోసం ఊరంతా వెతుకుతున్నప్పుడు, "నేను పొద్దటి సంది పోరిని సూడనేలే" అని అందరి ముందూ చెప్పింది అతనే.

"వేరే రోజుదేమో అక్కా" అన్నాను.

"ఆ గౌను అది తొడుక్కున్నది గా ఒక్కనాడే" అంది అక్క. "గదే గౌనుతోని బొంద పెట్టినం."

స్టూడియో ఆయనకు సంగతి అర్థం కాలేదు. కుర్చీ తెచ్చి, "జర కూసో అమ్మా, నీళ్లు తాగు" అన్నాడు. అక్క కూర్చోలేదు. ఆ ఫోటో తనకు కావాలంది. రెండో రోజే ఆయన చిన్న ప్రింటు తీసి దుకాణానికి తెచ్చి ఇచ్చాడు.

అక్క మరిది కూడా చాన్నాళ్ల కిందటే పట్నం వచ్చాడు. అమీర్‌పేటలోనే ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. క్రిస్మస్‌కు, చావులకు కలిసేవాళ్లం. ఆదివారం ఆరాధన అయ్యాక అక్క నేరుగా అక్కడికే నడిచింది. నేను వెంట వెళ్లాను. సెల్లారులో, కార్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది, ఊపిరి పీల్చడానికి ఇబ్బంది పడుతున్నాడు.

"వదినా, వచ్చినవా? కూసో" అని స్టూలు జరిపాడు.

అక్క ఫోటో అతని చేతిలో పెట్టింది. వెలుతురు వైపు తిప్పి చూశాడు. చూసి, స్టూలు పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"నువ్వు సూడనేలేదన్నవ్" అంది అక్క.

అంతలో గేటు బయట కారు హారన్ కొట్టింది. అతను లేచి వెళ్లి గేటు తీశాడు, కారు లోపలికి వచ్చాక వేశాడు, మళ్లీ వచ్చి అదే చోట కూర్చున్నాడు. అంతసేపూ అక్క కదలలేదు.

"నిద్ర లేసి ఏడ్సుకుంట నీళ్ల దిక్కు వస్తుండె" అన్నాడు చివరికి. "నువ్వు చేపలు కోస్తున్నవ్. తెప్పెక్కిస్తె ఊకుంటదని ఎక్కించుకున్న. అందరు వలల మీద ఉండె, ఎవ్వరు సూడలే. తూము కాడ దించి, గట్టు మీద కూసోమన్న. అవుతల వల నిండింది, రమ్మని పిలిసిండ్రు, పోయిన. మల్లొచ్చేటాల్లకు లేదు. నీ దగ్గరికి పోయిందనుకున్న వదినా."

"దొరికినంకన్న ఎందుకు చెప్పలే?"

"అన్న సంపుతడని భయమైంది. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న. ఇగ చెప్పనీకి నోరు రాలే."

"మీ అమ్మ నన్ను తిట్టని పూట లేదు. పక్కకు కూసుండి బువ్వ తిన్నవ్ గద రా."

అతను ముందుకు వంగి అక్క కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు.

"తెప్ప మీద భయపడ్డదా?" అని అడిగింది.

"లేదు వదినా. నవ్వింది. నీళ్లల్ల చెయ్యి పెట్టి ఆడింది."

అక్క ఫోటో తీసుకుని కొంగులో చుట్టుకుంది. బయటికొచ్చి, మెట్రో కింద ఆదివారపు జనంలో నాకంటే ముందు నడిచింది. ఇంటికి కాదు, హాస్టల్‌కు వెళ్లింది. పిల్లలకు సాయంత్రం చపాతీలు చేయాలంది. నేను వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తుంటే, పిండి తడుపుతున్న చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. పళ్లెం అంచు పట్టుకుని ఏడ్చింది. నాకు తెలిసి, పిల్లను పాతిపెట్టాక ఆమె ఏడవడం అదే మొదలు. పాతిపెట్టిన రోజు ఏడ్చే హక్కు కూడా ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

పిల్ల ఒక్కదాన్నే పెద్దగా చేయించుకుందామని మళ్లీ స్టూడియోకు వెళ్లాం. ఆయన కంప్యూటర్లో మరిదినీ గెడనూ తప్పించి చూపించాడు. కానీ భుజం మీద గౌను పట్టుకున్న చెయ్యి మిగిలిపోయింది.

"దీన్ని సుత తీసేస్త అమ్మా. ఇంతకుముందు చెయ్యి ఉండెనని కూడ తెల్వది" అన్నాడు.

అక్క తెర మీది ఆ చేతిని వేలితో తాకింది.

"ఉండనీ అయ్యా. గా చెయ్యి పట్టుకున్నంత సేపు అది బతికే ఉండె."

ఆ సంగతి వినాల్సిన అత్త లేదు, బావ కూడా చనిపోయి ఏళ్లయింది. చర్చిలో మా ఊరి పెద్దావిడ ఒకామెకు అక్క చెప్పుకోబోతే, "పోనీలే బిడ్డా, గిప్పుడు తవ్వుకొని ఏం చేస్తవ్" అందట. అక్క మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

వానాకాలంలో మరిది చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. చివరి రోజుల్లో వదినను రమ్మని కబురు పెట్టాడు, అక్క వెళ్లలేదు. సమాధి రోజున కూడా, "నేను పోను. నిన్ను పోవద్దన" అంది. నేను వెళ్లాను. వాన వెలిసింది గానీ గుంతలో నీళ్లు నిలిచాయి. పెట్టె దించే ముందు చెంబులతో తోడారు. మట్టి వేస్తుంటే అతని భార్య నా చెయ్యి పట్టుకుని, "మీ అక్క రాలేదు గద. ఈయన ఎంత ఎదురుసూసిండో. బిడ్డను అట్ల పోగొట్టుకున్నకాడ్నించి ఆమె మనసు రాయైంది" అంది. మాట నోటిదాకా వచ్చింది. మింగి, తల వంచుకున్నాను.

గదికి వచ్చేసరికి అక్క అన్నం వండి పెట్టింది. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక సమాధి సంగతంతా, మరిది భార్య అన్న మాట కూడా దాచకుండా చెప్పాను.

"నువ్వేమన్న చెప్పినవా?" అంది అక్క.

"లేదు."

"చెప్పకు. ఆమె ఇగ ఆయనను తలుసుకుంటనే ఒక్కతే బతకాలె" అని, నా కంచంలో పప్పు వేసింది.