రెండు పక్కలా పాలిష్

నిన్న కడపలో మేము కడుతున్న ఆసుపత్రి వరండాలో నడుస్తుంటే కాలికింద ఒక బండ డొల్లగా మోగింది. ఆ మోత వింటే నాకు దస్తగిరి మామ గుర్తొస్తాడు. ఆయన బేతంచెర్లలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ. మా నాన్న స్నేహితుడు కాబట్టి మామ అయ్యాడు గానీ, ముద్దు చేసే రకం కాదు. సెలవుల్లో నేను ఆయన దగ్గర ఆర్డర్లు రాసిపెట్టేదాన్ని.

ఇంటర్ అయిన వేసవిలో ఒక ఇంటి నేలకు వెళ్లాల్సిన బండలన్నింటికీ రెండు పక్కలా పాలిష్ అని రాశాను. ఎంత నునుపైతే అంత మంచిదని నా తెలివి! వారం తిరక్కుండానే బండలు డొల్లగా మోగి, లేచిపోయి వెనక్కొచ్చాయి. నున్నటి పక్కకు సిమెంటు పట్టదట. తిడతాడనుకున్నాను. మామ ఉలి, సుత్తి రెండు జతలు తెచ్చి, ఒక జత నా ముందు పెట్టాడు. "కూర్చో. కింది పక్క గాట్లు పెట్టు. సగం నీవి, సగం నావి." మూడు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. తిట్టినా బాగుండేది.

తర్వాత కర్నూలులో ఐదేళ్ల జంట డిగ్రీలో చేరాను. సివిల్ ఇంజనీరింగ్, దాంతోపాటు ఎంబీఏ. రెండో ఏడాది చివరికి సగం మనిషినయ్యాను. పొద్దున ఒక చదువు, సాయంత్రం ఇంకొకటి. సర్వే ప్రాక్టికల్ రోజునే అవతల మేనేజ్‌మెంట్ పరీక్ష. నాకు ఇష్టమైన సైటు పనే నాకు సరిగ్గా రాకుండా పోతోంది. ఎంబీఏ వదిలేయాలంటే సోమవారంలోగా కాగితం ఇవ్వాలి, ఇస్తే మళ్లీ చేర్చుకోరు. నాన్న చూస్తే, కూతురు రెండు డిగ్రీలు చేస్తోందని అప్పటికే ఊరంతా చెప్పుకున్నాడు.

ఆదివారం ఫ్యాక్టరీకి వెళ్లాను. మామ తడి బండ మీద చెయ్యి రాసి చూస్తూనే అంతా విన్నాడు.

"ఆ రెండోది యాడికి పనికొస్తాది?"

"పెద్ద ఉద్యోగాలకు మామా. పేరు పక్కన ఉంటే బాగుంటుంది కూడా."

"అల్మారా అరకైతే రెండు పక్కలా పాలిష్ కావాల్సిందేమ్మా, అడుగు గూడా కనబడ్తాది. నేలకు పొయ్యే బండకు ఎందుకు? నువ్వు యాడికి పోతాండావు?"

"సైటుకు."

"మల్ల నన్నేం అడుగుతాండావు?"

సోమవారం కాగితం ఇచ్చేశాను. నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. రెండూ పూర్తిచేసిన నా స్నేహితురాలు ఇప్పుడు నాకంటే చాలా పైన ఉంది. తను కోరుకున్నది అదే, దొరికింది. ఆ సంగతి విన్నప్పుడల్లా నాకు కాస్త కడుపుమంటే, దాచడమెందుకు! మామ తప్పు చెప్పాడేమో అని కూడా కొన్నాళ్లు అనుకున్నాను. ఆయన పోయి మూడేళ్లయింది, అడగడానికి లేదు.

నిన్న ఆ బండను లేపించాను. కింది పక్క నున్నగా మెరుస్తోంది. దాని పక్కవీ అంతే. కొత్తగా చేరిన ఇంజనీరు పల్లవి వంగి చూసింది. "శానా బాగుంటాదని నేనే రెండు పక్కలా చేయించినా మేడం," అంది.

ఉలి, సుత్తి రెండు జతలు తెప్పించి, ఒక జత ఆమె ముందు పెట్టి, నేనూ కింద కూర్చున్నాను. నేను రెండు గాట్లు పెట్టేసరికి ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

"ఇది యాడ నేర్చుకున్నారు మేడం?"

"నా రెండో డిగ్రీ," అన్నాను. "కూర్చో. సగం నీవి, సగం నావి."