తెల్ల పేజీ కింద సంతకం

మా వదిన సర్పంచి అయిన ఏడాది నేను చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పేవాణ్ణి. తిరుపతిలో ఎం.ఏ. చదివి వచ్చిన కొత్త. నోరు తెరిస్తే హక్కులు, హేతువు తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఇంట్లోవాళ్ళకు నన్ను చూస్తే నవ్వు, లోపల కొంచెం గర్వం కూడా.

ఆసారి మా పంచాయతీని ఆడవాళ్ళకు కేటాయించారు. మా అన్న తన బదులు వదినను నిలబెట్టాడు. గెలిచింది వదిన, దండలు వేయించుకున్నది అన్న. ఊళ్ళో ఎవరికీ అది వింతగా తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. మీటింగులకు వెళ్ళేది అన్నే. తీర్మానాల పుస్తకంలో ఐదారు తెల్ల పేజీల కింద వదిన చేత ముందుగానే సంతకాలు పెట్టించి ఉంచేవాడు. పైన రాసేది నేను. పంచాయతీ అధికారికి నాలుగు ఊళ్ళు చూసుకోవడంతోనే సరిపోయేది, నా చేతిరాతేమో బాగుంటుంది. చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇదే పద్ధతి కాబట్టి ఎవరం తప్పనుకోలేదు.

ఆదివారాలు మా వసారాలో నలుగురైదుగురు విద్యార్థులకు పాఠం చెప్పేవాణ్ణి. పదో తరగతి దాకా చదివిన వదిన ఆ పక్కనే కూర్చుని శనక్కాయలు ఒలిచేది. ఒక ఆదివారం యూరప్ తత్వవేత్తల పాఠం వచ్చింది. రాజు దేవుడు పంపితే వచ్చినవాడు కాడని, ఆలోచించే శక్తి అందరికీ ఉందని, జనం ఒప్పుకుంటేనే ప్రభుత్వానికి అధికారమని కొందరు కూర్చుని రాశారు. ఆ రాతలు చదివినవాళ్ళు రాజులను దించారు. మనిషికి పుట్టుకతోనే హక్కులున్నాయని చట్టాల్లో రాసుకున్నారు. ఆ ఆలోచనలే నడిచి నడిచి మన రాజ్యాంగం దాకా, మన ఓటు దాకా వచ్చాయి. నాకు నేనే ముచ్చటపడేలా చెప్పాను.

వదిన చేతిలో పని ఆపింది.

"ఆ ఒప్పుకునేది ఆడోళ్ళు గూడానా, అబ్బోడా?"

ఆ పెద్దమనుషుల్లో చాలామంది ఆడవాళ్ళను లెక్కలోకే తీసుకోలేదని నాకు తెలుసు. వాళ్ళు తమ ఇండ్లలో అడిగినట్టు లేదు వదినా అన్నాను. పిల్లలు నవ్వారు. వదిన నవ్వలేదు.

ఆ ఎండాకాలమే ఊరికి ఒక చేతిపంపు మంజూరైంది. ఎస్సీ కాలనీలో బావి ఎండిపోయి ఉంది. అక్కడి ఆడవాళ్ళు బిందెలతో మా చేని మోటారు దగ్గరికి వచ్చి, మావాళ్ళెవరైనా పోసేదాకా దూరంగా నిలబడేవాళ్ళు. తొట్టిని వాళ్ళు తాకకూడదు. పంపు కాలనీలోనే వేయిస్తానని వదిన వాళ్ళకు మాట ఇచ్చింది. సర్పంచిగా ఆమె సొంతంగా ఇచ్చిన మొదటి మాట అది. నా దగ్గరికి వచ్చి, పుస్తకంలో కాలనీ అని రాసేయమంది. అన్నకు ఎదురు చెప్పే ధైర్యం తనకు లేదని, రాసేశాక ఆయన మార్చలేడని కూడా చెప్పింది. సరే వదినా అన్నాను.

రాద్దాంలే అనుకుంటూ ఉండగానే మరునాడు అన్న పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పంపు మా వీధి మొదట్లో అని రాయమన్నాడు. పేజీ కింద వదిన సంతకం ఉంది, ఒక్కో అక్షరం విడివిడిగా, బడిపిల్ల రాసినట్టు. వదిన కాలనీవాళ్ళకు మాట ఇచ్చింది గదా అని గొణిగాను. అన్న నా వైపు ఒకసారి చూశాడు, అంతే. నన్ను చదివించినవాడు ఆయన. సర్పంచి గారు ప్రతిపాదించగా సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాశాను. ఒక్క కొట్టివేత లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఎక్కువ సిగ్గనిపించేది ఆ శుభ్రతే.

బోరు లారీ మా వీధిలోకి వచ్చిన రోజు కాలనీ ఆడవాళ్ళు మా వాకిట్లోకి వచ్చారు. వాళ్ళలో పెద్దామె వదినను ఒక్కటే అడిగింది.

"నువ్వే సంతకం పెట్టినావంట గదమ్మా. మాకెందుకు ఆశ పెట్టినావు?"

నేను తలుపు వెనకే ఉన్నాను. బయటికి వచ్చి, ఆ రాసింది నేనని చెప్పవచ్చు. వెళ్ళలేదు.

బోరులో నీళ్ళు పడి పంపు బిగించాక వదిన మూడు రోజులు పొద్దున్నే దాని దగ్గర నిలబడింది. వచ్చి మీ చేతులతోనే పంపు కొట్టుకోండని కాలనీకి కబురు పెట్టింది. ఒక్కరూ రాలేదు. ఖాళీ బిందెలతో ఆ పంపును దాటుకుని మా చేని మోటారు దగ్గరికే పోయారు. ఆ తర్వాత ఆమె తెల్ల పేజీల మీద సంతకం పెట్టడం మానేసింది. ముందు రాసి తెమ్మంది, చదివి పెడతానంది. అన్న ఆమెతో మాట్లాడటం మానేశాడు.

తర్వాతి ఆదివారం ఆమె వసారాలో కూర్చోలేదు. క్షమించమని అడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. ఆమె పొయ్యి వైపు నుంచి తిరగకుండానే మాట్లాడింది.

"కింద నా సంతకం ఉండాది, పైన నీ రాత ఉండాది. వాళ్ళు నన్ను అడిగినారు. నిన్ను ఎవురూ అడగరులే. పో అబ్బోడా, పిలకాయలు కాసుకోనుండారు."

వెళ్ళి అదే పాఠం చెప్పాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.