నాగేశప్ప నిమ్మకాయ వైద్యం

నాగేశప్ప లెక్కలో మిషన్లు చెడిపోవు, అలుగుతాయి. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఇనుము కోసే రంపం ఎక్కడ మొరాయించినా ఫోను ఆయనకే పోతుంది. అత్తిముగం నుంచి పాత మోపెడ్ మీద వచ్చి, మిషను నెత్తిన చెయ్యి పెట్టి మొదట అడిగేది ఒకటే.

"ఏంమ్మా, ఎవురేమన్నారు నిన్ను?"

మిషను జవాబు చెప్పదు. ఆయన మాత్రం చెప్పినట్టే తలూపుతాడు. స్క్రూడ్రైవరు కొస మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఊఁ... అట్లనా! అయ్యో పాపం!" అంటాడు. ఒకసారి కుందారపల్లి షెడ్డులో పావుగంట అలా ఊకొట్టేసరికి ఓనరుకు భయం పట్టుకుంది.

"ఏమంటా ఉండాదప్పా?"

"మీ ఇంటి సంగతులు చెప్తా ఉండాది. చెప్పేదా?"

"వద్దు సామీ!" అని ఓనరు చేతులు జోడించాడు.

తరువాత చికిత్స. అందరూ బయటికి పోవాలి, ఆపరేటరుతో సహా. షట్టరు సగం దించుతాడు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి రోగం పేరు చెబుతాడు: దిష్టి, గాలి సోకడం, పక్కనున్న లేతు మిషను మీద కుళ్ళు. మందు తలా ఒకటి రాస్తాడు.

నాకు రాసిన మందు నిమ్మకాయ. ఆరేళ్ళ కిందట నేను ఆపరేటరుగా ఉన్నప్పుడు మా రంపం మోటారు తిరగకుండా గుంయ్‌మని మూలిగి, పెనంలా వేడెక్కిపోయింది. దిష్టి అన్నాడు. "ప్రతి శుక్రవారం మెయిను ఆపి, నిమ్మకాయతో ప్రతి వయరు మొదలూ ముట్టి, మూడు సుట్లు తిరుగప్పా" అన్నాడు. తిరిగాను. ఇప్పుడు సూపర్వైజరునయ్యాను, అయినా తిరుగుతూనే ఉన్నాను. ఆ మోటారు మళ్ళీ ఒక్కసారీ మూలగలేదు. నిమ్మకాయ మహిమ మీద నాకు అంత గురి!

మొన్న మంగళవారం రంపం మళ్ళీ అలిగింది. బెల్టులాంటి బ్లేడు గిర్రున తిరుగుతోంది, కీచుమంటోంది, పొగ కక్కుతోంది, కడ్డీ మీద మాత్రం గీత కూడా పడటం లేదు. సాయంత్రానికి రెండు వందల ముక్కలు పంపాలి. ఓనరు తిమ్మరాజు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పోయిన వారమే రెండు బ్లేడ్లు తెగాయని, ఇంకొకటి పాడుచేసినవాళ్ళు ఇంటికి పోవాల్సిందేనని అప్పటికే ఆజ్ఞ వేసి ఉన్నాడు.

"ఈ బ్లేడు ఎవురు ఏసింది?"

మత్తూరు నుంచి వచ్చే కలైవాణి చేతులు పిసుక్కుంటూ నిలబడింది. పనిలో చేరి నెల కాలేదు. పొద్దున బ్లేడు వేసింది ఆమే. కళ్ళల్లో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

అంతలో నాగేశప్ప దిగాడు. "ఎవురేస్తే ఏమప్పా? అలిగినదాన్ని ముందు సమాధానం చెయ్యాల. పోండి, అందరూ టీ తాగొచ్చేయండి!"

టీ కొట్టు దాకా పోయాక నా ఫోను లోపలే మరిచానని గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి షట్టరు కింద నుంచి వంగి చూశాను.

ఆయన మిషనుతో ఒక్క మాటా మాట్లాడటం లేదు. మెయిను ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, బ్లేడు ఊడదీసి, తిరగేసి తొడిగిన చొక్కాను సరిచేసినట్టు లోపలివైపు బయటికి తిప్పుతున్నాడు.

"అన్నా! పళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయా?"

"మెల్లగా! ఆ పాప ఉద్యోగం ఇప్పుడు నీ నోట్లో ఉండాది."

నాకు అనుమానం వచ్చింది. "మరి ఆరేళ్ళ కింద నా మోటారు?"

"మిషను జరిపినావు, మూడు ఫేజు వయర్లలో ఒకటి బిగించేది మర్చిపోయినావు."

"దిష్టి అన్నావు కదా! నిమ్మకాయ తిప్పమన్నావు కదా!"

"వయర్లు సూడప్పా అంటే ఒక వారం సూస్తావు. దిష్టి అంటే ఆరేళ్ళు సూసినావు" అన్నాడు నాగేశప్ప, బ్లేడు బిగిస్తూ.

ఓరి దేవుడా! మూడు వందల నిమ్మకాయలు! కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ రోజు నిజం చెప్పి ఉంటే నేను మర్నాటి నుంచి ఇంట్లో కూర్చునేవాణ్ణి.

అందరూ వచ్చేసరికి రంపం కడ్డీని వెన్నలా కోస్తోంది. "ఏమైందప్పా?" అన్నాడు తిమ్మరాజు.

"కొత్త చెయ్యి కదా, సిగ్గుపడింది" అని నాగేశప్ప కలైవాణి వైపు తిరిగాడు. "అమ్మా, బ్లేడు ఏసేముందు మిషను మూత మీద కుంకుమతో బాణం గీయి. చక్రం ఎట్ల తిరుగుతుందో బాణం అట్ల. పళ్ళు కూడా అటే సూడాల. వెనక్కి సూస్తే దానికి అవమానం."

కలైవాణి బ్లేడు వంక చూసింది, బాణం గీయాల్సిన చోటు చూసింది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సరేన్నా" అంది, బ్లేడు పళ్ళు మళ్ళీ ఒకసారి చూసుకుంటూ. తిమ్మరాజు అప్పటికే కుంకుమకు మనిషిని పంపాడు.

శుక్రవారం మెయిను ఆపి నిమ్మకాయ తీశాను. అలవాటు పోతుందా? ఒక్కొక్క వయరూ ముట్టుకుంటూ మూడు చుట్లు తిరిగాను. కలైవాణి కుంకుమ బాణం దిద్దుతూ నన్ను చూసి పెదవి బిగపట్టి నవ్వాపుకుంది. తిమ్మరాజు దూరం నుంచి భక్తిగా దండం పెట్టి, తన కారుకు కూడా ఒక కాయ తిప్పమన్నాడు.